ఇంజిన్ తొడుగు మీద నాలుగు బిళ్ళలు

2011 ఎండాకాలంలో నన్ను శంషాబాద్ పంపించారు. అది బదిలీ కాదు. మా శాఖలో దాన్ని అటాచ్‌మెంట్ అంటారు. జీతం పాత చోట, కుర్చీ కొత్త చోట. నగరంలోని ఒక ప్రభుత్వ కాంతి పరిశోధనశాలలో నేను అప్పుడు గ్రూప్ హెడ్‌ని. అంటే నా పైన డైరెక్టర్, నా కింద నలుగురైదుగురు శాస్త్రవేత్తలు, వాళ్ళ కింద ఏడాదికోసారి కాంట్రాక్టు తిరగరాసే ప్రాజెక్టు ఇంజనీర్లు. విమానాశ్రయం వచ్చాక ఆ చుట్టుపక్కల విమానాల మరమ్మతు పనులు కూడా మొదలయ్యాయి. విమానాలు నిలిపి బాగుచేసే అలాంటి ఒక హ్యాంగర్ వాళ్ళు తమ ప్రహరీలోనే ఒక రేకుల షెడ్డు మాకు కేటాయించారు. కాంతిని తీసుకెళ్ళి రేకుల షెడ్డులో పెట్టడమేమిటని నేను గొణిగాను. గొణగడం నా అలవాటు, పని చేయడం నా ఉద్యోగం.

మా ఇల్లు అత్తాపూర్. ఎక్స్‌ప్రెస్‌వే మీద జీపులో వెళ్ళేవాళ్ళం. ఆరాంఘర్ దాటాక హిమాయత్ సాగర్ వైపు నుంచి కాస్త చల్లగాలి తగిలేది. షెడ్డుకు చేరాక ఆ గాలి సంగతి మరచిపోవలసిందే.

మాకు అప్పగించిన పని ఇది. విమానం ఒంటి నిండా రాతలుంటాయి. కంపెనీ పేరు, గీతలు, హెచ్చరికలు, బాణాలు. వాటిని వేయడానికి కాగితం స్టెన్సిల్ కత్తిరించి అతికించి రంగు కొడతారు. చదునైన చోట ఇబ్బంది లేదు. ఇంజిన్ మీది తొడుగు గుమ్మడికాయలా గుండ్రం. దాని మీద కాగితం ముడతలు పడుతుంది, అక్షరం వంకర పోతుంది, సగం రోజు సర్దడానికే సరిపోతుంది. కాగితం బదులు వెలుగుతో అక్షరాల అంచులు గీసి చూపిస్తే, పెయింటర్ ఆ గీత వెంట టేపు అంటించుకుంటాడు కదా అన్నది ఆలోచన.

మామూలు ప్రొజెక్టర్‌తో ఆ పని జరగదు. సినిమా తెర చదునుగా ఉంటుంది కాబట్టి బొమ్మంతా ఒకే దూరంలో స్పష్టంగా పడుతుంది. గుండ్రటి తొడుగు మీద వేస్తే నడుమ స్పష్టంగా, అంచుల్లో అలుక్కుపోయి కనిపిస్తుంది. అందుకని కంప్యూటర్‌తో లెక్కగట్టిన హోలోగ్రామ్ వాడాలనుకున్నాం. హోలోగ్రామ్ అనగానే జనం గాలిలో తేలే బొమ్మను ఊహించుకుంటారు. మా షెడ్డుకు వచ్చిన ప్రతివాడూ ముందు గాలిలోకి చూసేవాడు, తర్వాత నా వంక జాలిగా చూసేవాడు. అసలు సంగతి వేరు. నిలవ నీటిలో రెండు రాళ్ళు వేస్తే అలలు ఒకచోట కలిసి ఎగస్తాయి, మరోచోట ఒకదాన్నొకటి అణచేసుకుంటాయి. కాంతి కూడా అంతే. ఎక్కడ ఎగయాలో ఎక్కడ అణగాలో ముందే లెక్కకట్టి, ఆ లెక్కను తపాలా బిళ్ళంత ఎలక్ట్రానిక్ పలక మీదికి పంపిస్తాం. ఎర్ర లేజర్ కిరణం ఆ పలక మీద పడి తిరిగి వచ్చేటప్పుడు ప్రతి బిందువూ తన దూరంలో తాను స్పష్టపడుతుంది. తొడుగు ఎక్కడ ఉబ్బితే వెలుగు అక్కడే ఆగినట్టు ఉంటుంది. ఒకసారికి మూరెడు వెడల్పు బొమ్మ మాత్రమే పట్టేది. మాకు అదే గొప్ప.

ఆ లెక్క రాసింది సరిత. బుద్వేల్ అమ్మాయి, వ్యవసాయ కుటుంబం, భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చినా కాదని మా దగ్గర కాంట్రాక్టుకు చేరింది. ఇంట్లో బాపుతో నెలరోజులు మాటల్లేవట. ఎందుకమ్మా ఇంత పట్టుదల అని ఒకసారి అడిగితే, "ఆడ మందిలో ఒకదాన్ని సార్. గీడ నేను రాసింది గోడ మీద కనబడతది" అంది. నాకు ఆ పిల్ల అంటే అభిమానం. దాచుకోవలసిన సంగతేమీ కాదు కనుక చెబుతున్నాను.

లెక్క సరిగ్గా ఉండాలంటే తొడుగు ఎక్కడుందో, ఏ వాలులో ఉందో యంత్రానికి వెంట్రుకవాసి తేడా లేకుండా తెలియాలి. అందుకు తొడుగు నాలుగు మూలలా రూపాయి బిళ్ళంత తెల్లటి గుండ్రటి స్టిక్కర్లు అంటించాం. వాటిని గుర్తు బిళ్ళలు అనేవాళ్ళం. బొమ్మ వేసే ముందు ఒక ఎర్ర దీపం రెప్పపాటు వెలుగుతుంది. ఎర్ర వెలుగును మాత్రమే లోపలికి రానిచ్చే రెండు కెమెరాలు ఆ క్షణంలో తొడుగును చూస్తాయి. బాగా మెరిసే నాలుగు గుండ్రటి మచ్చలను ఏరుకుని, వాటిని బట్టి తొడుగు స్థానం లెక్కకడతాయి. వేగం కోసం కెమెరా చూసిన దృశ్యాన్ని తెర మీద చూపించేవాళ్ళం కాదు. నాలుగు దొరికాయా లేదా అన్నదే తెర మీద కనిపించేది.

ఆ తొడుగు హ్యాంగర్ స్టోర్స్‌ది. తీసేసిన పాత ఇంజిన్‌ది, మీద బూడిద రంగు ప్రైమర్ కొట్టి మాకిచ్చారు. స్టోర్స్ ఇన్‌చార్జ్ యాదగిరి. శంషాబాద్ పక్క ఊరి రైతు బిడ్డ, వయసులో నాకంటే కాస్త చిన్న. ఇచ్చిన రోజు నుంచి రోజుకొకసారి వచ్చి తన తొడుగు క్షేమంగా ఉందా లేదా చూసుకుపోయేవాడు. అత్తారింటికి పంపిన ఆడపిల్లా అది అని నేను ఆటపట్టిస్తే, "ఇచ్చినంక అడగద్దా సార్? మీరు దాన్ని చీకట్లనే పెడ్తిరి" అనేవాడు. తెల్ల బిళ్ళల జోలికి మాత్రం వెళ్ళవద్దని అతనికి గట్టిగా చెప్పాం. పాపం, ఒక్కనాడూ వెళ్ళలేదు.

దసరా ముందు జరిపిన పరీక్షలో బొమ్మ చక్కగా వచ్చింది. అక్షరం అంచు సన్నటి ఎర్ర దారంలా తొడుగు ఒంపు వెంట ఈ కొస నుంచి ఆ కొస దాకా పాకింది. పండుగ తర్వాత డైరెక్టర్ గారు, హ్యాంగర్ పెద్దలు కలిసి చూడటానికి తేదీ ఖాయమైంది. మధ్యలో ఆయుధ పూజ. షెడ్డంతా కడిగి, మామిడాకులు కట్టి, బల్లలకీ బీరువాలకీ కంప్రెసర్‌కీ జీపుకీ పసుపు పూసి బొట్లు పెట్టారు. లెన్సులూ పలకా పెట్టెల్లో భద్రం చేసి పెట్టెలకు పూజ చేయించాను. ఆ మాత్రం ముందుచూపు నాకుంది. సెలవుల్లో సరిత లెక్కను వేగంగా జరిగేలా కొంచెం మార్చింది. నాకు చెప్పే మార్చింది.

పరిశీలన రోజున పెద్దలందరి ఎదుట బొమ్మ తప్పు చోట పడింది. మరీ ఎక్కడో పడి ఉంటే నవ్వుకుని వెతుక్కునేవాళ్ళం. బొటనవేలి వెడల్పంత జరిగి, ఒక కొస అలుక్కుపోయి, చూసేవాడికి లెక్కలోనే ఏదో పొరపాటున్నట్టు పడింది. మళ్ళీ వేస్తే ఇంకాస్త పక్కకు జరిగింది. హ్యాంగర్ పెద్దాయన మర్యాదగా, మా స్టెన్సిల్ కాగితమే నయమేమో అన్నారు. డైరెక్టర్ గారి ముఖం మాడిపోయింది. అత్త మీది కోపం దుత్త మీద చూపినట్టు, అతిథులు వెళ్ళగానే ఆయన సరిత వైపు తిరిగారు. సెలవుల్లో ప్రోగ్రామ్ మార్చిందెవరని అడిగారు. ఆమె నేనేనంది.

తర్వాత నన్ను పక్కకు పిలిచి చెప్పిన మాట స్పష్టంగా గుర్తుంది. "మూర్తి గారూ, లెక్క ఎవరు రాశారో బాధ్యత వారిదేనండి. గణనలో లోపమని నివేదికలో రాసేయండి. ఆ అమ్మాయి కాంట్రాక్టు ఎలాగూ ఈ నెలాఖరుతో అయిపోతుంది. పొడిగించకుండా వదిలేస్తే సరి."

వినడానికి చిన్న మాటే. కానీ ఆ వాక్యం నివేదికలోకి ఎక్కితే ఆ పిల్ల ఉద్యోగం పోవడంతో ఆగదు. ఈ రంగంలో పనిచేసే పరిశోధనశాలలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు, అన్నీ ఒకదాని నివేదిక ఒకటి చదువుతాయి. తను రాసింది గోడ మీద కనబడాలనుకున్న అమ్మాయికి ఏ గోడా దొరకదు. నాకు ఒళ్ళు మండింది. సంతకం చేయాల్సింది నేను కనుక, వచ్చే సోమవారం దాకా గడువు ఇవ్వండి, మళ్ళీ చూపిస్తాం, అప్పుడూ తప్పితే నేనే రాస్తానని చెప్పాను. ఆయన ఒప్పుకున్నారు. నచ్చి కాదు, నాతో వాదనకు దిగితే మధ్యాహ్నం భోజనం ఆలస్యమవుతుందని.

సరిత మార్పులన్నీ తీసేసి పాత ప్రోగ్రామ్‌నే పెట్టింది. దసరా ముందు చక్కగా పనిచేసినదే. అదీ అదే తప్పు చేసింది. నేను సంబరపడి, చూశారా మార్పు వల్ల కాదని ఫోన్ చేస్తే, "అంటే పాతది కూడా తప్పేనన్నమాట" అన్నారు డైరెక్టర్ గారు. అధికారితో తర్కం చేయకూడదని ముప్పై ఏళ్ళ సర్వీసులో నేర్చుకున్నది ఆ ఒక్క మాటకు మరచిపోబోయాను.

ఆ వారం మేమిద్దరం చేయని పరీక్ష లేదు. లేజర్ మార్చాం. పలక వేడెక్కుతోందేమో చూశాం. రేకుల షెడ్డు ఎండకు సాగుతోందని నేనొక సిద్ధాంతం కట్టి, బల్ల కాళ్ళ కింద తేడా కొలిచాను. నా సిద్ధాంతాలు ఎప్పుడూ గొప్పగానే ఉంటాయి. సరిత మాట్లాడటం తగ్గించేసింది. తెచ్చుకున్న టిఫిన్ డబ్బా మూత తీయకుండానే సాయంత్రం తీసుకెళ్ళేది. శుక్రవారం నాడు లెక్క కాగితాలు దొంతర పెట్టి నా ముందుంచి, "సార్, నాకేం దొరుకుతలేదు. తప్పు నాదే అయ్యుంటది. రాసెయ్యిండ్రి" అంది. దొరకని తప్పును నీదని ఎలా రాయను, దొరికాక మాట్లాడుకుందామన్నాను. మాట కటువుగానే వచ్చింది. లోపల మాత్రం నాకూ భయంగానే ఉంది.

శనివారం మధ్యాహ్నం దీపాన్నే అనుమానించి చూద్దామనుకున్నాను. రెప్పపాటు వెలిగి ఆరిపోయే ఆ ఎర్ర దీపం అన్ని మూలలకూ సమంగా వెలుగు పంచుతోందో లేదో చూడాలంటే, దాన్ని ఆరకుండా వెలిగించి ఉంచాలి. షట్టర్ దించి, నల్ల తెరలు లాగి, ట్యూబ్‌లైట్లు ఆర్పేశాం. షెడ్డులో ఎర్ర దీపం ఒక్కటే మిగిలింది. అలా ఆ వెలుగులో నిలబడి చూడటం మాకు అదే మొదటిసారి. నేను వెలుగు కొలిచే మీటరు పట్టుకుని తొడుగు పక్కన వంగి అంకెలు చదువుతున్నాను, సరిత రాసుకుంటోంది. పక్క తలుపు తీసి, తెర తొలగించుకుని యాదగిరి వచ్చాడు, రోజూలాగే తన సొత్తు చూసుకోవడానికి. రెండడుగులు వేసి ఆగిపోయాడు.

"అయ్యో! ఏంది సార్ గిట్లయింది? నేను పెట్టిన బొట్టు తెల్లగైందేంది?"

మనిషి నిజంగా బెదిరాడు. పూజలో పెట్టిన కుంకుమ తెల్లబడటం కంటే అపశకునం ఏముంటుంది? ఏ బొట్టు అని అడిగాను. అతను దగ్గరకు రాకుండానే చేయి చాపి చూపించాడు. తొడుగు ఒక మూలన రెండు తెల్లటి బిళ్ళలు పక్కపక్కనే ఉన్నాయి. రెండో మూలన రెండు. మూడో మూలనా, నాలుగో మూలనా అంతే. ఏది స్టిక్కరో ఏది బొట్టో నా కళ్ళు ఆనవాలు పట్టలేకపోయాయి.

సరిత వెళ్ళి ట్యూబ్‌లైటు వేసింది. నాలుగు తెల్ల స్టిక్కర్లు, వాటి పక్కన బొటనవేలితో అద్దిన నాలుగు గుండ్రటి పసుపు చుక్కలు, వాటి నడుమ నిండుగా కుంకుమ. లైటు ఆర్పింది. ఎనిమిది తెల్ల బిళ్ళలు. మళ్ళీ వేసింది, మళ్ళీ ఆర్పింది. యాదగిరి మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తూ, "ఏందమ్మా, ఏమైంది? జర చెప్పుండ్రి, నాకు పరేషానైతుంది" అన్నాడు. సరిత నేల మీదే కూర్చుండిపోయి నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

కాంతి చదువుకున్నవాళ్ళకు ఇది మొదటి పాఠమే. ఎరుపు ఎందుకు ఎర్రగా ఉంటుందంటే ఎర్ర వెలుగును తిప్పి పంపుతుంది కాబట్టి. పసుపూ తెలుపూ కూడా ఆ ఎర్ర వెలుగును తిప్పి పంపేవే. ఎర్ర దీపం ఒక్కటే ఉన్నచోట కుంకుమకూ పసుపుకూ తెల్ల కాగితానికీ తేడా తెలియదు, అన్నీ ఒకేలా మెరుస్తాయి. అందులోనూ మా స్టిక్కర్లు నెలల తరబడి దుమ్ముపట్టి వెలవెలబోయాయి, బొట్లు తాజాగా ఉన్నాయి. బాగా మెరిసే నాలుగింటిని ఏరుకోమన్నాం, యంత్రం ఏరుకుంది. ఒక్కోసారి బొట్టును, ఒక్కోసారి బిళ్ళను. యాదగిరి ఆ బొట్లను అక్కడే ఎందుకు పెట్టాడంటే, మూలకొకటి పెట్టడం ఆనవాయితీ. మూలల్లో మా బిళ్ళలున్నాయి. వాటిని ముట్టవద్దన్నామని, ముట్టకుండా జాగ్రత్తగా పక్కనే పెట్టాడు. "నాగలికి పెట్టిన చెయ్యి సార్ ఇది, వంకర పోదు" అని తర్వాత తనే చెప్పాడు. వంకర పోయి ఉంటే మాకు ముందే దొరికేది.

వారం రోజులుగా మేమిద్దరం ఆ బొట్లను చూస్తూనే ఉన్నాం. చూడకపోవడమేమిటి, ఆ షెడ్డులో బొట్టు లేని వస్తువే లేదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికామన్నమాట.

నేను జేబురుమాలు తీశాను. తుడిచేస్తే పనైపోతుంది. యాదగిరి నా చేయి పట్టుకున్నంత పని చేశాడు. "వద్దు సార్. పూజల పెట్టిన బొట్టు తుడువద్దు. దానంతట అదే పోవాలె." నేనూ ఆ మాట ఎరగనివాణ్ణి కాను, మా ఇంట్లో కుట్టుమిషన్ మీది బొట్టు సంక్రాంతి దాకా ఉంటుంది. కానీ సోమవారం ముంచుకొస్తోంది. గదమాయించబోయాను. సరిత అడ్డొచ్చింది.

"తుడుస్తే ఈ ఒక్క తొడుగు బాగైతది సార్. వచ్చే దసరాకు అన్ని హ్యాంగర్లల్ల అన్ని తొడుగులకు పెడ్తరు. ఎందరి చెయ్యి పట్టుకుంటం?"

నేను జేబురుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాను. నేను ఆలోచిస్తున్నది సోమవారం గురించి, ఆమె ఆలోచిస్తున్నది యంత్రం గురించి. ఒక్కరోజు ముందు తప్పు నాదని రాసేయమన్న పిల్ల, తప్పు తనది కాదని తేలిన మరుక్షణం ఆ సంగతే వదిలేసి ముందుకు వెళ్ళిపోయింది. నాకు గర్వమేసింది. అప్పుడు చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను.

ఆమె చేసింది చాలా సులువైన పని. కొత్త స్టిక్కర్లు కత్తిరించి, తెల్ల బిళ్ళ చుట్టూ నల్లటి వలయం గీసింది. మెరిసే మచ్చ దొరికితే చాలదు, చుట్టూ నల్ల అంచుంటేనే లెక్కలోకి తీసుకో అని ప్రోగ్రామ్‌కు చెప్పింది. ఆదివారం కూడా వచ్చి పరీక్షించాం. అక్షరం మళ్ళీ ఎర్ర దారంలా ఒంపు వెంట పాకింది. బొట్లు బొట్లుగానే ఉన్నాయి. ఆ సాయంత్రం ఆమె టిఫిన్ డబ్బా ఖాళీగా వెళ్ళింది.

సోమవారం డైరెక్టర్ గారు వచ్చి, హ్యాంగర్ పెద్దల ఎదుట బొమ్మ చూసి, తల పంకించి, ఇంతకీ లోపమేమిటన్నారు. ఎర్ర దీపం వెలిగించి చూపించాను. కాసేపు ఆ తెల్లటి బిళ్ళల వంక చూసి, "దీనికి ఇంత హంగామా ఎందుకండీ, తుడిచేస్తే పోయేది కదా" అన్నారు. నేను నోరు తెరిచేలోగా హ్యాంగర్ పెద్దాయన కల్పించుకుని, మా వాళ్ళు తుడవనివ్వరండీ, తుడవక్కర్లేని యంత్రమే మాకు కావాలి అన్నారు. ఇక ఆ చర్చ అక్కడితో ఆగింది. నివేదికలో గణన లోపం లేదని, గుర్తు బిళ్ళల ఆకృతిలో మార్పు అవసరమైందని, ఆ మార్పు చేసింది ఫలానా వారని సరిత పూర్తి పేరుతో రాసి సంతకం చేశాను. కాంట్రాక్టు పొడిగించారు. రెండేళ్ళ తర్వాత ఆమె మా పరిశోధనశాలలోనే శాస్త్రవేత్తగా ఎంపికైంది.

మరుసటి దసరాకు యాదగిరి పసుపు గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రావడానికి జంకుతున్నాడు. "ఏడ పెట్టమంటవ్ బిడ్డా?" అని సరితను అడిగాడు.

"నీకు యాడ మంచిగనిపిస్తే ఆడ పెట్టు అన్నా" అంది.

అతను పెట్టాడు. మూలకొకటి, బిళ్ళల పక్కనే, నాగలికి పెట్టినట్టు. పెట్టాక తుడవకుండా యంత్రాన్ని నడిపి చూశాం. అప్పటి నుంచి అది మా ఆమోద పరీక్షల్లో ఒకటైంది. హ్యాంగర్‌కు అప్పగించే ముందు ప్రతి యంత్రమూ దాటవలసిన పరీక్షలను ఆమోద పరీక్షలంటారు. వాటి పత్రంలో వేడి, దుమ్ము, కుదుపు తర్వాత ఒక వాక్యం ఉంటుంది: తొడుగు నాలుగు మూలలా పసుపు కుంకుమలు అద్ది పరీక్షించవలెను. ప్రధాన కార్యాలయం ఆ వాక్యం అవసరమా అని అడిగింది. అవసరమేనని రాశాను.

ఈ వృత్తిలోకి వచ్చేవారికి నేను చెప్పగలిగింది ఇంతే. లెక్క తప్పిందని ఒకరి పేరు రాసే ముందు, యంత్రం ఏ వెలుగులో చూస్తోందో ఆ వెలుగులో మీరూ ఒకసారి నిలబడి చూడండి. కారణం దొరికాక, మనుషుల అలవాటు మార్చాలా యంత్రం మార్చాలా అన్న ప్రశ్న వస్తుంది. యంత్రాన్ని మార్చండి, అది మన చేతిలో పని.